చింతగింజ నుంచి డ్రాగన్ దాకా: రోల్ ప్లేయింగ్ ఆటకు బొమ్మను ఎలా ఎంచుకోవాలి?

2016లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘స్ట్రేంజర్ థింగ్స్’ సిరీస్ మొదటి ఎపిసోడ్ చూసినవారికి ఆ సన్నివేశం గుర్తుండే ఉంటుంది. నలుగురు పిల్లలు బల్ల చుట్టూ కూర్చుని ఆట ఆడుతుంటారు. ఆట నడిపే పిల్లవాడు రెండు తలల రాక్షసి బొమ్మను బల్ల మీద టక్కున పెడతాడు. మిగిలిన ముగ్గురి ముఖాలూ ఒక్కసారిగా మారిపోతాయి.

ఆ ఆట పేరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. ఆ సిరీస్ చూశాక దాని గురించి వెతికినవాళ్లకు వెంటనే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ఆ బొమ్మలు ఎక్కడ దొరుకుతాయి? ఎన్ని కొనాలి? అసలు కొనాలా?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో, మలంచా లాంటి చోట కూర్చుని ఆలోచిస్తే ఈ ప్రశ్నకు ఇంకో కోణం కూడా ఉంది. ఇది రైలు కట్టిన ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో వర్క్‌షాపులో, రైళ్ల మీద పనికి ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు తరాలుగా ఇక్కడే స్థిరపడ్డాయి. తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించింది. ఆ నిర్ణయం వెనక ఖరగ్‌పూర్ తెలుగువారి డిమాండ్ ఉంది. ఇలాంటి ఊళ్లో నలుగురు స్నేహితులు ఒక బల్ల చుట్టూ చేరితే తెలుగు, బెంగాలీ, హిందీ మూడూ ఒకే వాక్యంలో దొర్లడం మామూలే.

మాటలతో నడిచే ఆటను మూడు భాషలు కలిసిన బల్ల మీద ఆడాలంటే బొమ్మ అలంకారం కాదు. అందరికీ ఒకేలా అర్థమయ్యే నాలుగో భాష అది. అందుకే దాన్ని ఎలా ఎంచుకోవాలో తెలియడం ముఖ్యం.

ఏమిటీ ఆట?

‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ను అమెరికాకు చెందిన గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించారు. 1974లో అది అచ్చయింది. అంతకు ముందు 1971లో గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి ‘చెయిన్‌మెయిల్’ అనే యుద్ధక్రీడ నియమావళిని తెచ్చారు. మధ్యయుగాల సైనికుల చిన్న బొమ్మలను బల్ల మీద నిలబెట్టి ఆడే ఆట అది. అంటే ఈ ఆటకు బొమ్మలు తర్వాత వచ్చి చేరలేదు. బొమ్మల్లోంచే ఈ ఆట పుట్టింది.

తెలుగు పాఠకులకు దీన్ని చెప్పడం తేలిక. ‘పాతాళభైరవి’ (1951) లాంటి జానపద చిత్రాన్ని గుర్తుచేసుకోండి. సాహసవీరుడు ఉంటాడు, తోడుగా ఓ మిత్రుడు ఉంటాడు, ఎదురుగా మాంత్రికుడు ఉంటాడు. గుహలు, శాపాలు, మహిమ గల వస్తువులు సరేసరి. రోల్ ప్లేయింగ్ ఆటలో అలాంటి కథ ముందే రాసి ఉండదు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవారు ఒక్కో పాత్ర తీసుకుని తమ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. తలపెట్టిన పని ఫలించిందో లేదో తేల్చడానికి పాచిక వేస్తారు. ఎక్కువగా వాడేది ఇరవై ముఖాల పాచిక.

“తలుపు చాటుకు వెళ్తాను”, “వంతెన దాటి దూకుతాను” అంటూ మాటలతోనే మొత్తం ఆట నడిపేయవచ్చు. 2014లో వచ్చిన ఐదో కూర్పు నియమాల పుస్తకం గళ్ల మీద బొమ్మలతో ఆడటాన్ని ఐచ్ఛిక పద్ధతిగానే చూపింది. కాబట్టి మొదటి మాట ఇది: బొమ్మలు లేకపోయినా ఆట ఆగదు. మరి అవి ఎందుకు?

బొమ్మ చేసే పనులు మూడు

పోరాట సన్నివేశం వచ్చినప్పుడు బల్ల మీద గొడవలు మొదలవుతాయి. “నేను తలుపు దగ్గర ఉన్నాను కదా, నాకు మంట ఎలా తగులుతుంది?” అని ఒకరు అంటారు. “కాదు, నువ్వు ముందుకొచ్చావు” అని ఇంకొకరు అంటారు. ఒకరు ‘పక్కన’ అన్నది మరొకరికి ‘వెనక’ అని అర్థమై ఉండొచ్చు. బొమ్మ ఉంటే ఈ వాదన ఉండదు. అది ఎక్కడుందో అందరికీ కనిపిస్తుంది.

ఎక్కడ ఉన్నారో చూపడం బొమ్మ మొదటి పని. ఎవరో చూపడం రెండోది. ఎంత చోటు ఆక్రమించారో చూపడం మూడోది. ఏ బొమ్మను చేతిలోకి తీసుకున్నా ఈ మూడు ప్రశ్నలు వేసుకోవాలి. మూడింటికీ జవాబు దొరికితే అది పనికొచ్చే బొమ్మే, ధర ఎంతైనా సరే. దొరకకపోతే అద్దాల బీరువాలో పెట్టుకునే బొమ్మ.

తెలుగు ఇళ్లకు ఈ తేడా కొత్తదేమీ కాదు. పులిజూదం ఆడేటప్పుడు పులులకు రాళ్లు, మేకలకు చింతగింజలు పెడతాం. చింతగింజకు మేక పోలికలు ఉండవు. అది ఎక్కడుందో, ఏ పక్షానిదో తెలిస్తే ఆటకు చాలు. ఇంకో వైపు బొమ్మల కొలువు ఉంది. అక్కడ బొమ్మ కదలదు. దాని ముఖం, నగలు, చీర అంచు దగ్గరికెళ్లి చూడాలి. చదరంగం ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. గుర్రం తల ఒక్కటి కనిపిస్తే గుర్రమని గుర్తుపడతాం, మిగతా శరీరం అక్కర్లేదు.

రోల్ ప్లేయింగ్ బొమ్మ చదరంగం గుర్రం కంటే కాస్త ఎక్కువ చెప్పాలి, కొలువు బొమ్మంత చెప్పనక్కర్లేదు. కొత్తవారు చేసే పొరపాటు సాధారణంగా ఇక్కడే జరుగుతుంది. ఫోన్ తెరపై పెద్దదిగా చేసిన ఫొటోలో కవచం మీది నగిషీ చూసి మురిసిపోయి కొంటారు. బల్ల మీద ఆ బొమ్మ బొటనవేలి పైకణుపు కంటే పెద్దగా ఉండదు. మూరెడు దూరం నుంచి ఆ నగిషీ ఎవరికీ కనిపించదు.

దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. బొమ్మ ఫొటోను ఫోన్‌లో బొటనవేలి గోరంత చిన్నదిగా చేసి చూడండి. లేదా నీడను మాత్రమే ఊహించుకోండి. విల్లు పట్టుకున్నదా, కర్ర పట్టుకున్నదా, డాలు ఉన్నదా తెలుస్తోందా? తెలిస్తే మంచి బొమ్మ. నల్లటి ముద్దలా కనిపిస్తే ఎంత నైపుణ్యంతో చెక్కినా ఆటలో తికమక పెడుతుంది.

కోడిగుడ్డంత బొమ్మ నుంచి పుట్టిన రాక్షసులు

ఖరీదైన బొమ్మ లేకపోతే ఈ ఆటకు అర్హత లేదేమో అనుకునేవారికి ఒక చరిత్ర చెప్పాలి. తొలి రోజుల్లో గైగాక్స్ బృందానికి కావలసిన రాక్షసుల బొమ్మలు ఎవరూ తయారుచేసేవారు కాదు. అప్పట్లో అమెరికా చిల్లర దుకాణాల్లో హాంకాంగ్‌లో తయారైన చౌక ప్లాస్టిక్ బొమ్మలు సంచుల్లో అమ్మేవారు. ‘చరిత్రకు పూర్వపు జంతువులు’ అని పేరు పెట్టినా అవి ఏ జంతువునూ పోలి ఉండేవి కావు. గైగాక్స్ వాటిని కొని బల్ల మీద పెట్టాడు. అవేమిటో తర్వాత కల్పించుకున్నారు.

ఇనుమును తినేసే ‘రస్ట్ మాన్‌స్టర్’, గుడ్లగూబ తల, ఎలుగుబంటి ఒళ్లు ఉన్న ‘ఔల్‌బేర్’, నేలను తొలుచుకుంటూ వచ్చే ‘బ్యులే’ అలా పుట్టినవే. అర్ధ శతాబ్దం గడిచినా ఇవి ఆటలో ప్రసిద్ధ జీవులు. ఇప్పుడు వీటికి రకరకాల కంపెనీలు ఖరీదైన శిల్పాలు చేసి అమ్ముతున్నాయి. అసలు మూలం మాత్రం పిల్లల బొమ్మల సంచి.

ఇందులో కొనేవారికి పనికొచ్చే పాఠం ఉంది. పాత్రకు తగిన బొమ్మ కోసం వెతకడం ఒక దారి. దొరికిన బొమ్మకు తగిన పాత్రను కల్పించడం రెండో దారి. రెండోదాన్ని రాజీగా చూడనక్కర్లేదు. ఈ ఆట పుట్టిన పద్ధతే అది.

కొలత: గేజ్ కలవకపోతే బండి నడవదు

రైల్వే ఊరివాళ్లకు గేజ్ అంటే వివరించనక్కర్లేదు. మీటర్ గేజ్ పెట్టె బ్రాడ్ గేజ్ పట్టాల మీద నడవదు. బొమ్మలకూ అలాంటి కొలత ఉంది. దాన్ని పట్టించుకోకుండా నాలుగు చోట్ల నాలుగు కొంటే మనిషి కంటే మరుగుజ్జు పెద్దగా కనిపించే పరిస్థితి వస్తుంది.

ఈ ఆటలో ఒక గడి ఒక అంగుళం. ఆ అంగుళం ఆటలో 5 అడుగులకు సమానం. 5 అడుగులంటే 60 అంగుళాలు. అంటే గళ్ల లెక్కలో నిష్పత్తి 1:60. ఈ లెక్కన 170 సెంటీమీటర్ల మనిషి బల్ల మీద దాదాపు 28 మిల్లీమీటర్లు ఉంటాడు. బొమ్మల పెట్టెలపై ‘28 మి.మీ.’ అని కనిపించే సంఖ్యకు అర్థం ఇదే.

ఈ నిష్పత్తి ఎంత చిన్నదో తెలియాలంటే ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాంతో పోల్చవచ్చు. 1,072.5 మీటర్ల ఆ ప్లాట్‌ఫాం చాలా కాలం ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరు పొందింది. 1:60లో చేస్తే అది దాదాపు 18 మీటర్లు అవుతుంది. ఏ ఇంటి హాల్లోనూ పట్టదు.

అయితే 28 మి.మీ. అన్నది పక్కా ప్రమాణం కాదు. కొన్ని కంపెనీలు పాదం నుంచి కంటి వరకు కొలుస్తాయి, కొన్ని తల పైభాగం వరకు కొలుస్తాయి. చాలా కంపెనీల బొమ్మలకు తల, చేతులు, ఆయుధాలు కావాలనే పెద్దవిగా ఉంటాయి. దూరం నుంచి కనిపించాలనే ఉద్దేశంతో అలా చేస్తారు. ఇటీవలి బొమ్మలు చాలావరకు 32 మి.మీ. దాకా పెరిగాయి. 28, 32 కలిపి వాడినా పెద్ద ఇబ్బంది లేదు. మనుషులంతా ఒకే ఎత్తు ఉండరు కదా.

బొమ్మ రైళ్ల సామగ్రి వాడాలనుకుంటే మాత్రం జాగ్రత్త పడాలి. మోడల్ రైళ్లలో బాగా వ్యాప్తిలో ఉన్న ‘హెచ్‌ఓ’ నిష్పత్తి 1:87. దానిలో మనిషి 20 మి.మీ. కూడా ఉండడు. ఆ స్టేషన్ తలుపు ముందు మన వీరుడు నిలబడితే తలుపు అతని భుజం దాకానే వస్తుంది. చెట్లు, బండరాళ్లు, పొదలకు ఈ సమస్య లేదు. ఎందుకంటే చెట్టుకు ఒకే ఎత్తు అనే నియమం లేదు. కాబట్టి రైలు సెట్ నుంచి చెట్లు తీసుకోండి, ఇళ్లు వద్దు.

ఎత్తు కంటే ముఖ్యమైనది అడుగున ఉండే బిళ్ల. బొమ్మ ఎన్ని గళ్లు ఆక్రమిస్తుందో తేల్చేది అదే. మనిషి, మరుగుజ్జు, గోబ్లిన్ వంటివాటికి ఒక గడి, అంటే 25 మి.మీ. బిళ్ల. ఓగర్, ఔల్‌బేర్ వంటి పెద్ద జీవులకు రెండు గళ్ల పొడవు, రెండు గళ్ల వెడల్పు, అంటే 50 మి.మీ. ఈడొచ్చిన ఎర్ర డ్రాగన్‌కు మూడు గళ్ల చదరం, అంటే 75 మి.మీ. అంతకు మించిన మహాకాయాలకు నాలుగు గళ్లు లేదా అంతకన్నా ఎక్కువ. బొమ్మ కాస్త అటూఇటూగా ఉన్నా బిళ్ల సరైనదైతే ఆట సాగుతుంది. బిళ్ల తప్పయితే ఎంత అందమైన బొమ్మైనా ప్రతి ఎత్తులోనూ తగాదా తెస్తుంది.

లోహమా, ప్లాస్టిక్కా, రెజినా?

పాతకాలపు బొమ్మలు లోహంతో పోతపోసినవి. చేతిలో బరువుగా, నిలకడగా ఉంటాయి. కింద పడితే రంగు రాలుతుంది, సన్నటి కత్తి వంగుతుంది. పాత పోతల్లో సీసం కలిపేవారు. ఇప్పుడు చాలా కంపెనీలు సీసం లేని మిశ్రమం వాడుతున్నాయి. ఎవరి దగ్గరైనా పాత లోహపు బొమ్మలు చౌకగా దొరికితే చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు. వాటిని అరగదీసే పని అసలే వద్దు.

గట్టి ప్లాస్టిక్ బొమ్మలు చాలావరకు ముక్కలుగా చట్రంలో వస్తాయి. కత్తిరించి, గమ్‌తో అతికించుకోవాలి. వివరాలు స్పష్టంగా ఉంటాయి, ఆయుధాలు మార్చుకునే వీలుంటుంది. కానీ మొదటి ఆట రేపు సాయంత్రమే అయితే ఇవి సరిపడవు.

మెత్తటి ప్లాస్టిక్ బొమ్మలు ఒకే ముక్కగా వస్తాయి. కింద పడినా విరగవు. అమెరికాలోని రీపర్ సంస్థ ‘బోన్స్’ బొమ్మలు ఈ కోవలోవే. ఎండాకాలం వేడికో, పెట్టెలో నొక్కుకుపోయో వీటి ఈటెలు, కత్తులు వంగిపోతాయి. వేడినీళ్లలో కాసేపు ఉంచి, నిటారుగా పట్టుకుని వెంటనే చల్లటి నీళ్లలో ముంచితే సరవుతాయి. పిల్లలు కూడా కలిసి ఆడే ఇంటికి ఇవి నయం.

రంగులు వేసి అమ్మే బొమ్మలు ఇంకో రకం. ధర ఎక్కువ, పని తక్కువ. విజ్‌కిడ్స్ లాంటి సంస్థలు ఏ బొమ్మ వస్తుందో చెప్పకుండా మూసిన పెట్టెల్లో కూడా వీటిని అమ్ముతాయి. సేకరించేవారికి అది సరదా. ఒక ఫలానా మాంత్రికురాలి బొమ్మే కావాలనుకునే వ్యక్తికి మాత్రం అది లాటరీ టికెట్టు. విడి బొమ్మ దొరికేటప్పుడు మూసిన పెట్టె కొనడంలో అర్థం లేదు.

ఇక త్రీడీ ప్రింటింగ్. ఇందులో రెండు రకాలు. ప్లాస్టిక్ తీగను కరిగించి పొరలు పొరలుగా పేర్చే యంత్రం గోడలు, వంతెనలు, పెద్ద రాక్షసులకు బాగుంటుంది. చిన్న ముఖాలపై గీతలు కనిపిస్తాయి. ద్రవ రెజిన్‌ను కాంతితో గట్టిపరిచే యంత్రం 28 మి.మీ. బొమ్మలో కూడా వేళ్లను స్పష్టంగా తెస్తుంది. కానీ గట్టిపడని రెజిన్ చర్మానికి మంచిది కాదు, అలర్జీ తెస్తుంది. చేతి తొడుగులు, గాలి ఆడే గది, ప్రింట్ అయ్యాక ఆల్కహాల్‌తో కడగడం, అతినీలలోహిత కాంతిలో ఆరబెట్టడం తప్పనిసరి. చేతికి జిగటగా తగిలే రెజిన్ బొమ్మను ఎవరైనా అమ్మితే తీసుకోవద్దు. అది ఇంకా పూర్తిగా గట్టిపడలేదని అర్థం. మరో మాట: ఇంట్లో వాడుకునేందుకు ఇచ్చిన డిజైన్ ఫైళ్లతో బొమ్మలు చేసి అమ్మాలంటే రూపకర్త అనుమతి ఉండాలి.

అన్నిటికన్నా చౌకైనది కాగితం. బొమ్మను ముందూ వెనకా వచ్చేలా అట్ట మీద అచ్చేసి, మడిచి, నిలబెట్టడమే. ఫ్యాన్ గాలికి పడిపోతుందనేదే దీనిపై ఫిర్యాదు. దానికి విరుగుడు హార్డ్‌వేర్ దుకాణంలో ఉంది. ఎం12 బోల్టుకు వాడే మామూలు ఉక్కు వాషర్ బయటి వ్యాసం 24 మి.మీ. ఒక గడికి కావలసిన బిళ్ల దాదాపు అంతే. దాన్ని అడుగున అతికిస్తే అట్ట బొమ్మ కదలదు.

ధర ఎందుకు ఎక్కువ?

ఇలాంటి బొమ్మల ప్రధాన తయారీ సంస్థలు అమెరికా, బ్రిటన్‌లలో ఉన్నాయి. తయారీలో చాలా భాగం చైనాలో జరుగుతుంది. బొమ్మల దిగుమతిపై కస్టమ్స్ సుంకాన్ని భారత ప్రభుత్వం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. దీనికి తోడు 14 ఏళ్లలోపు పిల్లల ఆటబొమ్మలకు బీఐఎస్ నాణ్యతా గుర్తు 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. దేశీయ బొమ్మల పరిశ్రమను పెంచడం, నాసిరకం సరుకును ఆపడం ఈ చర్యల లక్ష్యం. విదేశం నుంచి విడిగా తెప్పించే పార్సిల్‌ను ఆటబొమ్మగా లెక్కగడితే ఆ భారం కొనేవారిపైనే పడుతుంది. రవాణా ఖర్చు అదనం. అందుకే విదేశీ వెబ్‌సైట్‌లో కనిపించిన డాలర్ ధరను రూపాయల్లోకి మార్చి బడ్జెట్ వేసుకోకూడదు. సుంకం, రవాణా కలిపి చేతికి ఎంతకు వస్తుందో ముందే అడగాలి.

చిన్న ఊళ్లో ఉండేవారికి ఇది అడ్డంకే. మెట్రో నగరాల్లో బోర్డు గేమ్ కేఫ్‌లకు వెళ్లి బొమ్మను చేత్తో పట్టుకుని చూసే వీలుంటుంది. మలంచాలో ఉన్నవారికి ఆన్‌లైన్ ఫొటోయే ఆధారం. లేదంటే రెండు మూడు గంటలు రైలెక్కి కోల్‌కతా వెళ్లాలి. అందువల్ల ఇక్కడి ఆటగాడు మొదట చూడాల్సింది తన చుట్టూ ఏముందనేది.

చుట్టూ ఉన్నది తక్కువేమీ కాదు. ఖరగ్‌పూర్ నుంచి ఆద్రా వెళ్లే రైలు మార్గంలోనే బాంకుడా జిల్లా ఉంది. అక్కడి పాంచ్‌ముడా గ్రామం నిటారు చెవుల టెర్రకోట గుర్రాలకు ప్రసిద్ధి. వాటిలో చిన్న సైజువీ దొరుకుతాయి. మూడు అంగుళాల గుర్రాన్ని గళ్ల మీద పెడితే ఆట లెక్కలో 15 అడుగుల ఎత్తు అవుతుంది. వీరుడు ఎక్కే గుర్రంగా అది పనికిరాదు. శిథిలాలయం ముందు మంత్రం వేయగానే కదిలే మట్టి గుర్రంగా మాత్రం అంతకన్నా మంచి బొమ్మ ఏ కంపెనీ దగ్గరా దొరకదు. తూర్పు బర్ధమాన్ జిల్లా నతున్‌గ్రామ్ కళాకారులు చేసే రంగుల కొయ్య గుడ్లగూబదీ అదే కథ. ఔల్‌బేర్‌కు దూరపు చుట్టమనుకోవచ్చు.

సెలవులకు ఉత్తరాంధ్ర వెళ్లి వచ్చేవారు యలమంచిలి దగ్గరి ఏటికొప్పాక లక్కపిడతలను తెచ్చుకోవచ్చు. బానలు, బిందెలు, కుండలు గోదాముల్లోనూ గుహల్లోనూ సామానుగా సరిగ్గా ఇమిడిపోతాయి. కొండపల్లి బొమ్మలు ఎక్కువగా కొన్ని అంగుళాల ఎత్తుంటాయి కాబట్టి మనుషులుగా కలవవు. విగ్రహాలుగా, శాపం తగిలి శిలలైన రాజులుగా కలుస్తాయి. ఒక్క షరతు. టెర్రకోట పెళుసు, పాచికలు గట్టిగా విసిరే చోట దాన్ని పెట్టకూడదు.

ఎవరి ముఖం?

ఆటగాడి సొంత పాత్రకు బొమ్మ ఎంచుకునేటప్పుడు ఇంకో ప్రశ్న వస్తుంది. రాక్షసి ఎలా ఉన్నా ఫర్వాలేదు. కానీ నెలల తరబడి “నేను” అంటూ ముందుకు జరిపే బొమ్మ మనలా ఉండాలని అనిపించడం సహజం.

మార్కెట్లో దొరికే బొమ్మలు ఎక్కువగా ఐరోపా మధ్యయుగపు ఊహలు. ఇనుప కవచం, ఉన్ని అంగీ, పొడవాటి కత్తి. చాలా కాలం స్త్రీ పాత్రల బొమ్మలకు యుద్ధానికి పనికిరాని అరకొర కవచాలే ఉండేవి. గత కొన్నేళ్లలో ఇది మారింది. నిండు కవచంతో ఉన్న స్త్రీ యోధులు, వేర్వేరు జాతుల ముఖాలు, చక్రాల కుర్చీలో ఉన్న వీరులు కూడా వస్తున్నారు. హీరో ఫోర్జ్ లాంటి సంస్థలు ఆన్‌లైన్‌లో ముఖం, దుస్తులు, ఆయుధం విడివిడిగా ఎంచుకుని సొంత బొమ్మ తయారుచేయించుకునే వీలు కల్పిస్తున్నాయి.

రంగు వేసేటప్పుడు కూడా చాలా మార్చవచ్చు. బొమ్మ చర్మానికి డబ్బా మీద రాసిన రంగే వేయాలన్న నియమం ఏదీ లేదు. ఉన్ని అంగీకి ఎర్ర అంచు గీస్తే ఉప్పాడ పంచె అవుతుంది. తలపాగా, కండువాను ఎపాక్సీ పుట్టీతో అద్దుకోవచ్చు. పాత్ర పేరు తెలుగులో ఉండి, బొమ్మ మాత్రం స్కాండినేవియా దొరలా ఉంటే ఆటగాడికి ప్రతిసారీ చిన్న అడ్డు తగులుతుంది. ఆ అడ్డు తీసేయడానికి చాలాసార్లు మూడు సీసాల అక్రిలిక్ రంగు సరిపోతుంది.

రంగుకు వాతావరణంతో లంకె ఉంది. తేమ ఎక్కువగా ఉన్న రోజు స్ప్రే ప్రైమర్ కొడితే ఉపరితలం తెల్లగా, గరుకుగా మారిపోయే ప్రమాదం ఉంది. బెంగాల్ వానాకాలంలో ఆ పని చేయకపోవడమే మేలు. కుంచెతో పూసే ప్రైమర్ వాడాలి, లేదా శరదృతువు దాకా ఆగాలి. దసరా సెలవులకు ఆకాశం తేరుకుంటుంది, అప్పుడు మొదలుపెట్టవచ్చు.

ఏది ముందు కొనాలి?

డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు కొనే వరస ముఖ్యం. చాలామంది డ్రాగన్‌తో మొదలుపెడతారు. అది బల్ల మీదికి వచ్చేది ఏడాదికి ఒకసారేనేమో. ఆటగాళ్ల పాత్రల బొమ్మలు ప్రతి వారం వస్తాయి. కాబట్టి ఖర్చు ముందుగా వాటిపైనే పెట్టాలి. నలుగురు ఆటగాళ్లుంటే నాలుగు మంచి బొమ్మలు, అంతే.

రెండో వంతు పదేపదే పనికొచ్చే సాధారణ శత్రువులది. దొంగలు, కాపలా సైనికులు, అస్థిపంజరాలు, తోడేళ్లు. ఒక్కో రకానికి నాలుగు ఉంటే చాలా రోజులు నెట్టుకురావచ్చు. ఒకేలా ఉన్న నాలుగు అస్థిపంజరాల్లో దెబ్బ తిన్నది ఏదో తెలియాలంటే బిళ్లలపై అంకెలు వేయాలి. ఎరుపు, ఆకుపచ్చ రంగులతో మాత్రమే గుర్తులు పెట్టకూడదు. ఆ రెండు రంగుల తేడా పోల్చుకోలేనివారు ఆటగాళ్లలో ఉండవచ్చు.

పెద్ద రాక్షసులు చివర. వాటికి మొదట అట్ట బొమ్మ వాడండి. ఆ రాక్షసి కథలో మళ్లీ మళ్లీ వస్తోందని తేలాక కొనండి. కొనేముందు ఆట నడిపేవారిని అడగండి. తను తర్వాతి నెలలో తేబోయేది సముద్రపు దొంగలనైతే గుహల్లో తిరిగే పాముల సెట్ అటకెక్కుతుంది.

మిగతావాటికి ఇంట్లోనివే చాలు. అగ్గిపెట్టె పెట్టె అవుతుంది, సీసా మూత బావి అవుతుంది, చింతగింజలు ఎలుకల గుంపు అవుతాయి. రాతి గుట్టకు రాయే సరి.

చివరికి ఏ బొమ్మ మంచిదో తేల్చడానికి ఒక్క పరీక్ష మిగులుతుంది. ఆట మధ్యలో ఆలస్యంగా వచ్చిన స్నేహితుడు బల్ల వైపు చూసి, ఎవరినీ అడగకుండా, ఎవరు ఎక్కడున్నారో, ఎవరు ప్రమాదంలో ఉన్నారో చెప్పగలగాలి. అతని ఇంటి భాష తెలుగైనా, బెంగాలీ అయినా, హిందీ అయినా సరే. అలా చెప్పగలిగితే బల్ల మీద ఉన్నది వేల రూపాయల శిల్పమా, వాషర్ మీద నిలబెట్టిన అట్టముక్కా అనేది ఆటకు లెక్కలోకి రాదు.